గోడ మూసేలోగా

ఆరు తీగలు రావలసిన పెట్టెలోకి ఒక్క తీగే వచ్చింది.

ఆమె టార్చి వేసి మళ్ళీ చూసింది. మెట్ల కింద గోడలో దించిన ఇనప పెట్టె, దాని నెత్తిన ఒకే ఒక గొట్టం, గొట్టంలోంచి జానెడు బయటికి వేలాడుతున్న నీలం రంగు నెట్ కేబుల్. అంతే.

హాల్లోంచి సిమెంటు గోడకి విసిరికొట్టే చప్పుడు వస్తోంది. ప్లాస్టరింగ్ సోమవారం మొదలుపెట్టాలి. ఇవాళ గురువారం.

"మేస్త్రీ, పని ఆపండి."

మేస్త్రి తాపీ దించకుండానే తల తిప్పాడు. "ఆపితే కలిపిన మాలు గట్టిపడిపోతుంది డాక్టరమ్మా."

"సోమవారం అన్నారుగా?"

"మేమూ సోమవారమే అనుకున్నాం. ఇంట్లోంచి ఫోనొచ్చింది, ఇవాళే మొదలెట్టమని."

"ఎవరు చేశారు?"

మేస్త్రి గోడవైపు తిరిగిపోయాడు. "ఇంట్లోవాళ్ళే."

ఆమె నడుముకున్న బెల్టు బిగించుకుంది. వెన్నెముకకి ఆపరేషనై ఏడు వారాలు. పది నిమిషాలు నిలబడితే కుడికాలు మొద్దుబారుతుంది. ఆ కాలితో వార్డుల్లో తిరగడం ఇక కుదరదని తేలాకే ఆస్పత్రికి రాజీనామా ఇచ్చింది. డాక్టరుగా మిగలడానికి ఇప్పుడు ఒక్కటే దారి. ఎక్కడెక్కడో తీసిన స్కాన్లు ఇంట్లో కూర్చుని తెరమీద చూసి, అరగంటలో రిపోర్టు చెప్పే ఉద్యోగం. స్కాన్ సెంటరు సీటు ఇస్తానంది. షరతు ఒకటి పెట్టింది. డాక్టరు గదికి సొంత తీగ నేరుగా రావాలి. గోడ మూసేముందే ఆ తీగ ఫొటోలూ, పరీక్ష రిపోర్టూ పంపాలి. గడువు ఇవాళ సాయంత్రం అయిదు. దాటితే సీటు జాబితాలో రెండో డాక్టరుకి పోతుంది.

టైము పదింబావు.

ఎలక్ట్రీషియన్ వంటగదిలో స్విచ్చి పెట్టెల్లోకి సిమెంటు పోకుండా కాగితం ఉండలు కుక్కుతున్నాడు. ఆమెని చూడగానే మరింత శ్రద్ధగా కుక్కసాగాడు.

"నేనిచ్చిన ప్లానేమైంది?"

"ఏ ప్లానండీ?"

"ఆరు గీతలున్నది. హాలుకొకటి, మామయ్యగారి గదికొకటి, పైన నా గదికి రెండు, వైఫై పెట్టెల కోసం కింద సీలింగులో ఒకటి, పైన ఒకటి. అన్నీ మెట్ల కింది పెట్టెలోంచి విడివిడిగా బయల్దేరాలి."

"అదా... అది పెద్దాయన చూసుకుంటానన్నారు. ఆ తీగల జోలికి నన్ను రానివ్వలేదు. కరెంటోడివి, నీకేం తెలుసన్నారు."

"ఆయనేం చేస్తున్నారో మీరు చూశారుగా."

"చూశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

అతను ఇంకో ఉండ చుట్టాడు. "చెప్పాల్సినవాళ్ళకి చెప్పానండీ."

"ఎవరికి?"

అతను ఆ ఉండని పెట్టెలోకి నెట్టాడు.

---

మామగారు పైగదిలో, సిమెంటు బస్తా మీద కూర్చుని టేపు చుట్ట విప్పుతున్నాడు. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ లైన్‌మాన్‌గా చేసిన మనిషి. రిటైరై నాలుగేళ్ళయినా వీధిలో అందరికీ ఆయనింకా లైన్‌మాన్‌గారే. మూడు వారాల కింద, ఆమె ఇంకా మంచం మీదే ఉండగా, "నువ్వు పడుకో తల్లీ, నీ తీగల సంగతి నేను చూసుకుంటా" అన్నది ఆయనే.

"పైకెందుకొచ్చావమ్మా? మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పారుగా."

"నేనే డాక్టర్ని మామయ్యా."

"నీకూ ఒక డాక్టరుంటాడుగా."

మామూలు రోజైతే ఆమె నవ్వేది. "కింద పెట్టెలోకి ఒక తీగే వచ్చింది. మిగతా అయిదూ ఏవి?"

ఆయన మొహం వెలిగింది. ఎవరైనా అడిగితే బాగుండునని ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్నట్టు లేచాడు.

"అక్కడే ఉంది కిటుకు. ఆరెందుకు? ఒకటి చాలు. పెట్టెలో బయల్దేరుతుంది, హాల్లో దిగుతుంది, అక్కణ్ణించి మా గది, అటుపక్క సీలింగు, పైకెక్కి ఇక్కడ. దిగిన చోటల్లా ముడి వేశాను. ఎనిమిది పోగులూ రంగుకి రంగు. ఒక్కటి తప్పలేదు."

"ముడులు ఎక్కడున్నాయి?"

"గోడలోనే. గొట్టంలోకి నెట్టేశాను. టేపు మూడు వరసలు చుట్టి. మేము భూమిలో పూడ్చిన ముడులు ఇంకా పనిచేస్తున్నాయమ్మా, ఇది గోడ, వాన కూడా పడదు." జేబులోంచి చిన్న బజరు తీసి, గోడలోంచి బయటికొచ్చిన తీగకి తగిలించి నొక్కాడు. కింద హాల్లో ఎక్కడో గుర్రుమని మోగింది. "విన్నావా? మీ అత్తకి కూడా చూపించాను. హాల్లో నొక్కితే మా గదిలో మోగుతుంది, మా గదిలో నొక్కితే ఇక్కడ మోగుతుంది."

ఆమె గుమ్మం పట్టుకుంది. కాలు మొద్దుబారడం మొదలైంది. చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియలేదు.

"మామయ్యా, ఫోనుకి ఇలాగే వెయ్యాలి. అక్కడ ఒకటే మాట అన్ని గదుల్లోనూ వినిపించాలి కాబట్టి. ఇందులో ఏ గది మాట దానిది. అందరూ ఒకే తీగలో ఒకేసారి అరిస్తే ఎవరి మాటా ఎవరికీ చేరదు."

"మనింట్లోలాగా అన్నమాట."

ఎవరూ నవ్వలేదు.

ఆమె తెచ్చిన రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకటి ఎలక్ట్రీషియన్ చేత కింద పెట్టె దగ్గర తగిలించింది. రెండోది ఇక్కడ. సెంటరువాళ్ళిచ్చిన పరీక్ష మొదలుపెట్టింది. కిందనుంచి పైకి స్కాన్ బొమ్మలు మూడొందలు రావాలి.

తెరమీద సున్నా అని ఉంది. ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. సున్నా అలాగే ఉంది.

"బజరు మోగింది కదమ్మా," అన్నాడాయన.

ఆమె తెరని ఆయనవైపు తిప్పింది.

"మోగింది కదా," అన్నాడు మళ్ళీ. ఈసారి గొంతు తనకే చెప్పుకుంటున్నట్టుంది. చేతిలో టేపు చుట్ట మెల్లిగా మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు. విప్పినంతా చుట్టేదాకా తల ఎత్తలేదు.

---

భర్త పన్నెండుకి వచ్చాడు. ఆఫీసు కార్డు ఇంకా మెడలోనే ఉంది. ఆమె మెట్ల మీద కూర్చునే అడిగింది.

"మేస్త్రికి ఫోన్ చేసింది మీరా?"

"ముందు నువ్వు లే. సిమెంటు మెట్ల మీద కూర్చుంటే నడుము—"

"నడుము సంగతి తరవాత. ఫోన్ చేసింది మీరా?"

ఆయన కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు. జవాబు దొరికిపోయింది.

"కరెంటాయన మీకెప్పుడు చెప్పాడు?"

"వారమైంది."

"వారం." ఆమె ఆ మాటని నెమ్మదిగా అంది. "వారం కింద చెప్పుంటే ఇవాళ్టికి ఆరు తీగలూ వేసేవాళ్ళం."

"వేసేవాళ్ళమేలే. నాన్నకి ఎవరు చెప్పేవాళ్ళు? నువ్వా? రిటైరైన దగ్గర్నుంచి ఆ మనిషి కిటికీ పక్కన కూర్చోవడం తప్ప ఇంకేం చెయ్యలేదు. ఈ మూడు వారాలు పొద్దున్నే లేచి, షేవింగ్ చేసుకుని, పనికెళ్తున్నట్టు వచ్చాడు ఇక్కడికి. ఆయన మొహం చూసి, నువ్వు చేసిందంతా తప్పు, పీకేస్తున్నాం అని చెప్పమంటావా?"

"అందుకని గోడ మూసేద్దామనుకున్నారు."

"వైఫై ఉంటుందనుకున్నాను. తీగ లేకుండానే ప్రపంచమంతా నడుస్తోంది."

"ప్రపంచమంతా సినిమాలు చూస్తోంది. ఆగితే మళ్ళీ మొదలెడుతుంది. నేను చూసేది ఎవరి తలలోనో గడ్డకట్టిన రక్తం. మధ్యలో ఆగితే ఎలా? సెంటరువాళ్ళు రాసిచ్చిందే అది. మీకు చూపించాను. చదివారా?"

"చదివాను."

"చదివీ చేశారా?"

"ఒకటో తారీఖుకి అద్దిల్లు ఖాళీ చెయ్యాలి. గోడలు మూసి, రంగులేసి, అప్పటికి మనం ఇందులో ఉండాలి. నీకు సీటొక్కటే కనిపిస్తోంది. నాకు నాలుగు కనిపిస్తున్నాయి."

"నాలుగూ నాకు చెప్పకుండానే కనిపించాయా?"

హాల్లో తాపీలు ఆగాయి. మేస్త్రి మనుషులు కూడా వింటున్నట్టున్నారు.

పైమెట్టు మీద చెప్పు చప్పుడైంది. మామగారు. ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో తెలియదు. కొడుకు పక్కనుంచి, కోడలు పక్కనుంచి దిగి, పెట్టె ముందు ఆగాడు. వేలాడుతున్న తీగని పట్టుకుని ఒక్క లాగు లాగాడు. బెత్తెడు వచ్చి ఆగిపోయింది.

"రాదు," అన్నాడు. "ముడి దగ్గర లావుగా ఉంది. గొట్టంలో ఇరుక్కుంది. గట్టిగా వేశాను మరి."

"నాన్నా—"

"నువ్వాగు." ఆయన కోడలివైపు తిరిగాడు. "నీ గదికి నేరుగా పోవాలంటే ఎటునుంచి పోవాలి? గీసి చూపించు."

ఆమె సుద్దముక్కతో మెట్ల గోడ మీద గీత గీసింది. పెట్టెనుంచి పైకి, మెట్ల మలుపు మీదుగా, తన గది గుమ్మం పక్కకి. ఆ గోడకి ఇంకా సిమెంటు పడలేదు. అదొక్కటే అదృష్టం. మామగారు ఆ గీత వెంట టేపు పట్టాడు. పదిహేడు మీటర్లు.

"ఒక్కటి. నీ ఒక్కదానికి. మిగతావి తరవాత చూద్దాం. మిగిలిన తీగ ఇంటికి పంపానుగా, ఎక్కడ పెట్టారు?"

ఎలక్ట్రీషియన్ భర్త మొహం చూశాడు. భర్త తన తండ్రి మొహం చూశాడు. అప్పుడే అత్తగారు అన్నం క్యారియరు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

---

"ఏ తీగ?" అంది అత్తగారు.

"నీలం తీగ. చుట్ట మిగిలితే ఇంటికి పట్టుకెళ్ళమని నీకిచ్చాను," అన్నాడు మామగారు.

"ఓ, అదా. బట్టలారేసుకోవడానికి కట్టాను. డాబా మీద. మంచి గట్టిది."

అందరూ ఆవిడవైపే చూశారు.

"ఏమిటలా చూస్తారు? తాడు తెగిపోయిందని నెల్రోజులుగా మొత్తుకుంటున్నాను. ఒక్కరైనా తెచ్చారా?"

"ముక్కలు చేశావా?" అన్నాడు మామగారు.

"రెండు వరసలు కట్టాలంటే ముక్కలు చెయ్యకుండా ఎలా? సమానంగానే కోశాను. దుప్పట్లు వెయ్యలేదులెండి, తువ్వాళ్ళే." ఆవిడ కోడలి మొహం చూసి తగ్గింది. "అయినా వైఫై అంటే తీగ లేనిది అన్నావు కదే. తీగ లేనిదానికి ఇన్ని తీగలెందుకు?"

"గాల్లోకి వదిలేముందు దాని పెట్టెదాకా రావడానికీ తీగే కావాలి అత్తయ్యా."

"అది నాకెవరు చెప్పారు?"

నిజమే. ఎవరూ చెప్పలేదు. ఈ ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏదీ చెప్పలేదు.

ఆవిడ క్యారియరు మెట్టు మీద పెట్టేసి వెనక్కి తిరిగింది. అరగంటలో తీగ చుట్ట చంకన పెట్టుకుని వచ్చింది. దానికి ఇంకా రెండు క్లిప్పులు వేలాడుతున్నాయి.

పది మీటర్లొకటి. పది మీటర్లొకటి. కావలసింది పదిహేడు.

"ఊళ్ళో దొరకదా?" అన్నాడు భర్త.

"ఈ రకం ఊళ్ళో లేదు సార్," అన్నాడు ఎలక్ట్రీషియన్. "పెద్దాయన ఒక వరసకి సరిపడా ఆర్డరు పెట్టి తెప్పించిందే. మళ్ళీ తెప్పించాలంటే నాలుగు రోజులు."

మామగారు రెండు ముక్కల చివరలూ చేతుల్లోకి తీసుకుని చూశాడు. తరవాత కోడలి మొహంలోకి చూశాడు. అడగడానికి సిగ్గుపడుతున్నట్టు అడిగాడు.

"ఒక్క ముడి. గోడలో పూడ్చను. మెట్ల మలుపులో పెట్టె పెట్టి, మూత తెరిస్తే కనిపించేలా వేస్తాను. మధ్యలో ఏ గదికీ దించను. ఒప్పుకుంటావా?"

టైము ఒకటిన్నర.

"వెయ్యండి మామయ్యా."

గోడలో గాడి కొట్టే మిషను అరుపుకి ఇల్లంతా ధూళి లేచింది. ఎలక్ట్రీషియన్ గాడి కొడుతుంటే భర్త చొక్కా చేతులు మడిచి గొట్టం పట్టుకున్నాడు. భార్యాభర్తల మధ్య ఒక్క మాట లేదు. "ఇటు", "అటు", "కొంచెం పైకి" అన్నీ ఎలక్ట్రీషియన్‌కే. మేస్త్రి గుమ్మంలో నిలబడి ప్రతి పావుగంటకీ గడియారం చూసుకున్నాడు.

మూడున్నరకి తీగ పైగదికి చేరింది. మామగారు మెట్ల మలుపులో మోకాళ్ళ మీద కూర్చుని ఎనిమిది పోగులూ కలిపాడు. ముందు వేసినవాటిలా లావుగా కాదు. జంట పోగుల మెలికలు బియ్యపుగింజంత కూడా విప్పకుండా, ఒక్కో పోగు అమర్చి, ఊపిరి బిగపట్టి.

ఎలక్ట్రీషియన్ టెస్టరు పెట్టాడు. ఎనిమిది దీపాలు వరసగా వెలిగాయి.

మామగారు దీపాలవైపు చూడలేదు. "అవి నమ్మను. బొమ్మలు రానీ," అన్నాడు.

బొమ్మలు మొదలయ్యాయి. నలభై. తొంభై. నూట యాభై దగ్గర తెర ఒక్క క్షణం ఆగింది. అత్తగారు కొడుకు చెయ్యి పట్టుకుంది. మళ్ళీ కదిలింది. మూడొందలూ వచ్చాయి. ఒక్కటి కూడా పోలేదు.

---

నాలుగూ నలభై. ఆమె బస్తా మీద కూర్చుని ఫోనులో సెంటరువాళ్ళ పత్రం నింపుతోంది. తీగ పొడవు, పదిహేడు. పరీక్ష ఫలితం, మూడొందలకి మూడొందలు. ఫొటోలు, టేపు పక్కన పెట్టి తీసినవి, తొమ్మిది.

ఆ తరవాతి గడి దగ్గర వేలు ఆగింది. దారి మధ్యలో ముడులు ఎన్ని?

భర్త భుజం మీదుగా చదివాడు. చాలాసేపటి తరవాత ఆమెతో మాట్లాడిన మొదటి మాట అదే.

"సున్నా వెయ్యి."

"ఒకటుంది."

"నువ్వే చూశావుగా, ఒక్క బొమ్మ పోలేదు. మూత పెట్టేసి రంగేస్తే ఎవరికి తెలుస్తుంది?"

"రేపెప్పుడైనా స్కాను మధ్యలో ఆగిందనుకోండి. ఆ సున్నా నేనే వేశానని నాకు తెలుస్తుంది."

"ఒకటి వేస్తే సీటు పోతుంది."

"పోవచ్చు."

"పోతే ఏం చేస్తావు?"

మామగారు కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు. వీపు మాత్రమే కనిపిస్తోంది. చెవులు ఇటే ఉన్నాయని ఆమెకి తెలుసు.

ఆమె ఒకటి అని కొట్టి పంపేసింది.

నాలుగూ యాభై రెండుకి ఫోన్ మోగింది. సెంటరు ఇంజినీరు. ఆమె స్పీకరు నొక్కింది.

"డాక్టరుగారూ, ముడి ఎందుకొచ్చింది? కొత్త ఇల్లు కదా."

"తీగ చాలలేదండీ."

"వేసిందెవరు? మీ ఎలక్ట్రీషియనా?"

భర్త ఔనన్నట్టు తల ఊపుతున్నాడు. ఎలక్ట్రీషియన్ వద్దన్నట్టు ఊపుతున్నాడు. మామగారు గదికి అడ్డంగా నడిచొచ్చి ఫోనుకి ఎదురుగా వంగాడు.

"నేనండీ. లైన్‌మాన్‌ని. వాళ్ళ మామగారిని. ముందు వేసిందంతా తప్పు వేశాను, అమ్మాయి చూసి పట్టుకుంది. ఇదొక్కటీ సరిగ్గా వేశాను. అయినా నా మాట నమ్మకండి. వచ్చి చూసుకోండి."

అవతల కీబోర్డు చప్పుడైంది.

"ముడి ఉంటే సీటివ్వకూడదని మా నిబంధన," అన్నాడు ఇంజినీరు. "ఉందని రాసిచ్చినవాళ్ళని మాత్రం ఇప్పటిదాకా చూడలేదు. రేపు పదింటికి నేనే వస్తాను. మిషను పెట్టి కొలుస్తాను. నెగ్గితే సీటు మీదే. లేకపోతే రెండో డాక్టరుకి అక్కణ్ణించే ఫోన్ చేస్తాను. ఒక్కటి గుర్తుంచుకోండి. గాడి మొత్తం కనపడాలి. ఆ గోడ మీద చెంచాడు సిమెంటు పడినా నేను వెనక్కి వెళ్ళిపోతాను."

ఫోన్ పెట్టేశాడు.

గుమ్మంలో మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "అదే కుదరదండీ. మెట్ల గోడ ఇవాళ అయిపోవాలి. కింద బొచ్చెల్లో మాలు కలిపేసి ఉంది. ఇక్కడి పని ముందుకు జరిగింది కదా అని రేపట్నుంచి మావాళ్ళు ఇంకో సైటుకి ఒప్పుకున్నారు. మళ్ళీ ఇటు రావాలంటే నెల."

"నెలా?" అంది అత్తగారు. "ఒకటో తారీఖుకి ఎక్కడుంటాం?"

మేస్త్రి చూస్తున్నది భర్త వైపు. ఫోన్ చేసి పిలిచింది ఆయనే.

మామగారు గదిలోంచి బయటికి నడిచాడు. మెట్ల మలుపు దాకా దిగి, కొత్తగా కొట్టిన గాడికి వీపు ఆనించి మెట్టు మీద కూర్చున్నాడు. తెల్ల చొక్కాకి ఇటుకపొడి అంటుకుంది.

"కొట్టండి మేస్త్రీ, కొడితే నా మీదుగా కొట్టండి," అన్నాడు.

"నాన్నా, లే. నెల రోజులు వీధిలో ఉంటామా?"

ఆయన లేవలేదు.

ఆమె గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. కుడికాలు మాట వినడం లేదు. వంగడానికి వీల్లేక, బెల్టు పట్టుకుని, నెమ్మదిగా మామగారి కింది మెట్టు మీద కూర్చుంది. భర్త చెయ్యి అందించబోయాడు. ఆమె ఆ చెయ్యి చూసింది, పట్టుకోలేదు.

"మేస్త్రిని పిలిచింది మీరు," అంది. "చెప్పాల్సింది కూడా మీరే."

మేస్త్రి పైమెట్టు మీద నిలబడి తాపీ చివరతో గోడ మీద చిన్నగా కొట్టాడు.

"చెప్పండి సార్. మూసెయ్యమంటారా, మమ్మల్ని వెళ్ళిపొమ్మంటారా?"

భర్త తన తండ్రి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. ఇద్దరూ ఆయన వైపు చూడటం లేదు.